మా బావ తిరగేసిన ఆఫీసు

మా బావకి ఉన్నది ఒకటే పిచ్చి. ఎక్కడైనా ఒక అలవాటు స్థిరపడినట్టు కనిపిస్తే, దాన్ని ఓ వారంపాటు తిరగేసి చూడందే ఆయనకి నిద్రపట్టదు. ఆయన సంస్థల సంస్కృతి మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. అంటే ఆఫీసుల్లో ఎవర్ని చూసి ఎవరు లేచి నిలబడతారు, ఎవరి జోకుకి అందరూ నవ్వుతారు లాంటి సంగతులు పట్టి చూడటం. నేను చాలా దేశాలు తిరిగాను, ఓడల్లో వంటవాళ్ళతో కలిసి తిన్నాను, గ్రంథాలయాల్లో కునికిపాట్లు పడ్డాను. ఇలాంటి పనికి జీతం ఇస్తారని మాత్రం అక్కయ్య పెళ్ళయ్యాకే తెలిసింది.

చాలా కాలం తిరిగి తిరిగి, సంచీ భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరింట్లోనైనా నాలుగు రోజులకి మించి ఉంటే ఇంటివాళ్ళ మొహాలు మారతాయని నాకు భయం. అందుకని గుమ్మంలోనే, “ఓ రెండ్రోజులుండి పోతాను బావా” అన్నాను. బావ నా చేతిలో తాళంచెవి పెట్టి, నన్ను లోపలికి నెట్టి, తాను బయట నిలబడి తలుపు మూశాడు. మరుక్షణం బెల్లు మోగింది.

“ఎవరూ?” అన్నాను, ఏమనాలో తోచక.

“నేనేనోయ్. లోపలికి రావచ్చా?”

వంటింట్లోంచి అక్కయ్య కేకేసింది. “తియ్యరా తమ్ముడూ, లేకపోతే సాయంత్రందాకా కొడుతూనే ఉంటారు. వచ్చినవాడే యజమాని, ఉన్నవాడు అతిథి అట. పోయిన వారం ఎవరికి కోపమొస్తే వాళ్ళే వంట చెయ్యాలన్నారు. ఇద్దరికీ కోపం రాలేదు. ఆకలితో నవ్వుకుంటూ కూర్చున్నాం.”

బావ పనిచేసే పరిశోధనా కేంద్రంలో పై అంతస్తుది ఆఫీసుల మీద పరిశోధన, కింది అంతస్తుది జబ్బుల మీద. కింద ఒక డాక్టరమ్మ ఉండేవారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బులు కొన్ని ఉన్నాయి. అవి కొందరిలో జతకడతాయి. మొదటిది బయటపడ్డాక ఏ నొప్పి వచ్చినా దాని మీదికే తోసేస్తారు గాని, రెండోదాన్ని ఎవరూ వెతకరు. ఆ రెండోదాన్ని ముందే పట్టుకోవడం ఎలాగన్నది ఆమె పరిశోధన.

“కాపలావాడే ఇంట్లోవాళ్ళని దొంగలనుకుని చితకబాదుతాడండీ” అని నాకు వివరించారామె.

“మా పై అంతస్తుకి ఉన్న జబ్బూ అదే” అన్నాడు బావ.

ఆ కేంద్రంలో అలవాట్లకి కొదవ లేదు. లిఫ్టు డైరెక్టరుగారికీ ఆయన అతిథులకీ మాత్రమే. సమావేశంలో మాట్లాడేవాళ్ళు నిలబడాలి, బోర్డు మీద తామే రాయాలి. బావ డైరెక్టరుగారిని ఒప్పించి ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక వారం లిఫ్టు అందరికీ, డైరెక్టరుగారికి తప్ప. ఆయన మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, “ప్రొఫెసరుగారూ, దీని ఫలితం ఏమిటండీ?” అన్నారు.

“మీ గుండె దివ్యంగా ఉందని తేలిందండి.”

మరో వారం మాట్లాడేవాళ్ళు కూర్చున్నారు, వినేవాళ్ళలో ఒకరు బోర్డు మీద రాశారు. వారం అయిపోయినా పాత పద్ధతికి వెళ్ళడం ఎవరికీ గుర్తురాలేదు.

బావ నన్ను రోజూ వెంట తీసుకెళ్ళేవాడు, బయటివాడి కళ్ళు కావాలని. ఒకనాడు డాక్టరమ్మ టీ కప్పుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగడం చూసి, అడిగేశాను.

“థైరాయిడ్ ఎప్పట్నించో ఉంది. ఇప్పుడు కీళ్ళు. పొద్దున పూట వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు నిలవవు. నా పరిశోధనకి నేనే ఉదాహరణ” అన్నారు నవ్వుతూ.

“డైరెక్టరుగారికి చెప్పొచ్చుగా?”

“పక్కగది ఆయన తన జబ్బు సంగతి చెప్పుకున్నాడు. విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు, పరిశోధన ఇంకొకరికిచ్చారు. ప్రేమగానే చేశార్లెండి. వచ్చే వారం సమీక్ష. అది గట్టెక్కితే నా పని నా దగ్గరే ఉంటుంది. అదృష్టంకొద్దీ మీ బావగారి పిచ్చి పుణ్యమా అని కూర్చుని మాట్లాడొచ్చు.”

సమీక్షనాడు హాల్లోకి వెళ్ళేసరికి కుర్చీలన్నీ వరండాలో ఉన్నాయి. డైరెక్టరుగారు చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నారు. బావ పిచ్చి ఆయనకీ అంటుకుంది.

“ఈసారి ప్రయోగం నాది. నిలబడే మాట్లాడదాం, నిలబడే విందాం.”

డాక్టరమ్మ చెయ్యి గోడని పట్టుకుంది. బావ తాపీగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చాలా బాగుందండీ. కానీ పోల్చి చూడటానికి ఒక్కరైనా కూర్చుని ఉండాలి. లేకపోతే ఇది ప్రయోగం అనిపించుకోదు, వ్యాయామం అవుతుంది.”

డైరెక్టరుగారు కంగారుపడ్డారు. “నిజమే సుమండీ. మరి ఎవర్ని కూర్చోబెడదాం?”

“ఎవరైనా ఒకటే. మాట్లాడేవారైతే అందరి ఎదుటా ఉంటారు.”

డైరెక్టరుగారే స్వయంగా కుర్చీ మోసుకొచ్చారు. డాక్టరమ్మ అందులో కూర్చుని, థైరాయిడ్ ఉన్నవాళ్ళని కీళ్ళ గురించి ముందుగానే నాలుగు మాటలు అడిగి, ఒక రక్తపరీక్ష చేస్తే, వేళ్ళు వంకరపోకముందే రెండో జబ్బుని ఎలా పట్టుకోవచ్చో చెప్పారు. ఎంత హాయిగా చెప్పారని! మామూలుగా ప్రశ్నలు భోజనాలవేళ దాటిపోయేవి. ఆరోజు పెద్దలందరూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. “ఇంకా ఎవరికైనా ప్రశ్నలున్నాయా?” అని డైరెక్టరుగారు దీనంగా అడిగారు. ఒక్కరికీ లేవు. పరిశోధన ఆమె చేతిలోనే కొనసాగుతుందని అక్కడికక్కడే సంతకం పెట్టారు.

“ఇంకొక్క మాటండీ. ఆ రెండు జబ్బులూ నాకున్నాయి” అన్నారామె.

డైరెక్టరుగారు కరిగిపోయారు. “అయ్యో, అయితే మీకు విశ్రాంతి...”

“ఆవిడ కూర్చునే ఉన్నారండీ. విశ్రాంతి కావలసింది మనకి” అన్నాడు బావ.

ఎవరో మూలనించి ఫక్కున నవ్వారు. డైరెక్టరుగారు నవ్వకముందే ఆ హాల్లో నవ్వు వినపడటం అదే మొదటిసారట. ఆ తర్వాత ఆయనా నవ్వి, సంతకాన్ని అలాగే ఉంచి, వరండాలో కుర్చీ వెతుక్కున్నారు.

ఇంటికి నడుస్తూ అడిగాను. “ఈ ప్రయోగాలన్నీ ఎప్పుడు అచ్చువేస్తావు బావా?”

“ఏ ప్రయోగాలు?”

లిఫ్టు, బోర్డు, కుర్చీ ఒక్కసారిగా కళ్ళముందు వరుసకట్టాయి. “అయితే అన్నీ ఆవిడ కోసమేనా? పరిశోధన ఉత్తిదేనా?”

“ఉత్తిదెందుకవుతుందోయ్? డైరెక్టరుగారి గుండె దివ్యంగా ఉందని తేలలా?”

గుమ్మం దగ్గర జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. రెండ్రోజులన్నవాణ్ణి, నాలుగో వారం గడుస్తోంది. ఒక్కరోజైనా చుట్టాన్నన్న భయం కలగలేదు.

“ఇది నీకెప్పుడో ఇచ్చెయ్యాల్సింది బావా” అన్నాను.

“ఆ ప్రయోగం ఇంకా పూర్తికాలేదు. పద, లోపలికెళ్ళి తలుపేసుకో” అన్నాడు.

వేసుకున్నాను. బెల్లు మోగింది.

“ఎవరూ?” అన్నాను, ఈసారి గొంతు సవరించుకుని, అచ్చం ఇంటాయనలాగా.