సమ్మక్క ఇక్కడ ఉండది

పదేళ్లకు పైగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. వరంగల్‌లో ఏ బడిలో ఆటల పోటీలు పెట్టినా నన్ను పిలిచి, దండ వేసి, విదేశాల్లో ఫుట్‌బాల్ ఆడి వచ్చిన మన ఆడబిడ్డ అంటారు. నేను తల దించుకుంటాను. ఎంత వినయమో అనుకుంటారు. మీకు చెబుతున్నాను, నలుగురి ముందు తలెత్తడానికి నాకు మొహం చెల్లదు.

మాది కాజీపేట రైల్వే క్వార్టర్లు. నాన్న గూడ్సు బండి గార్డు. పక్క క్వార్టరులో గ్యాంగ్‌మన్ ఇంట్లో సమ్మక్క ఉండేది. అతని భార్య ఆమెకు చిన్నమ్మ. సొంతూరు ములుగు వైపు. చదువుకోవడానికి వచ్చి ఆరేళ్లుగా చిన్నమ్మ దగ్గరే ఉంటోంది. ఇద్దరిదీ ఒకే జట్టు, ఇద్దరం కుడి పక్కనే ఆడేవాళ్లం. ఆమె బంతి తీసుకుని పరుగెత్తుతుంటే నేను ఆట మరిచి చూసేదాన్ని. అప్పుడు ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

డెబ్బైల చివర్లో దేశం జట్టు విదేశం వెళ్తుంటే సమ్మక్కను తీసుకున్నారు. నన్ను స్టాండ్‌బైగా పెట్టారు. ఆమె ఆగిపోతేనే నేను వెళ్లేది. ఇద్దరినీ పాస్‌పోర్టుకు పెట్టుకోమన్నారు.

ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చాడు. సమ్మక్క వరి నాట్లకని ఊరికి వెళ్లింది, శుక్రవారం వచ్చేస్తానంది. చిన్నమ్మ రైల్వే దవాఖానకు పోయింది. ఇంటికి తాళం. నేను గడప దగ్గర కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీకుతున్నాను. అతను ముందు నా కాగితాలు చూసి తల ఊపాడు. తర్వాత పక్క తలుపు చూపించాడు.

"ఈ ఇంట్ల సమ్మక్క అనే పిల్ల ఉంటదా బిడ్డా?"

"ఇక్కడ ఉండది సార్. వాళ్లది ములుగు దిక్కు ఊరు. ఎప్పుడన్న వచ్చి పోతది."

"పక్కానా?"

"పక్కా సార్."

రాసుకున్నాడు. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. ఇంకో గ్లాసు కావాలా అని కూడా అడిగాను. అది తలచుకుంటే నాకు నా మీదే భయం వేస్తుంది.

ముందే అనుకుని అన్నానా? అనుకోలేదు. మరి నోరుజారి వచ్చిన మాటే అయితే, అతను సైకిలెక్కి మలుపు తిరిగేదాకా అక్కడే ఎందుకు నిలబడ్డాను, వెనక్కి పిలవడానికి నోరెందుకు రాలేదు, సాయంత్రం చిన్నమ్మ వచ్చి ఎవరైనా వచ్చారా అని అడిగితే ఎవరూ రాలేదని ఎందుకు చెప్పాను?

నా పాస్‌పోర్టు వచ్చింది. ఆమెది రాలేదు. ఆ చిరునామాలో ఉండటం లేదని పోలీసు రిపోర్టు. మళ్లీ పెట్టుకోవడానికి గడువు లేదు. ఆమె చోట నా పేరు రాశారు.

సమ్మక్క నన్ను అనుమానించలేదు. చిన్నమ్మను అనుమానించింది. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఆడటం చిన్నమ్మకు మొదటినుంచీ గిట్టదు. పాపం ఆవిడ ఒట్లు పెట్టుకుంది, ఏడ్చింది. సమ్మక్క వినలేదు. పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్న మంచిగ ఆడు" అంది.

ఆడాను. బాగానే ఆడాను, అదొకటి. అక్కడ చూసినవాళ్లు తర్వాత తమ క్లబ్బుకు పిలిచారు. చలి దేశం. నాలుగేళ్లు ఉన్నాను. వానకు బురదైన మైదానాల్లో కుడి పక్కన పరుగెత్తేదాన్ని. బంతి అందిన ప్రతిసారీ, సమ్మక్కయితే ఇక్కడ లోపలికి తిప్పేది కదా అనుకునేదాన్ని. గోల్ వేస్తే తోటివాళ్లు వచ్చి మీద పడేవారు. నాకు అలసటగా ఉండేది. మోకాలు పోయి తిరిగి రావలసి వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను.

పోయిన నెల వరంగల్ మట్టెవాడలో బట్టల కొట్టు ముందు సమ్మక్క కనబడింది. పక్కన ఎనిమిదేళ్ల కూతురు. తల్లి లాంటివే పొడుగు కాళ్లు. చాయ్ తాగుదామని హోటల్లోకి తీసుకెళ్లింది. విదేశంలో ఆడిన ఆట గురించి అడుగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. అడగలేదు.

"మా చిన్నమ్మ సచ్చిపోయిందే. కబురొచ్చింది. నేను పోలే. నా బతుకు ఆగం జేసింది గద" అంది.

చెప్పవలసింది అప్పుడే. ఎదురుగా ఉంది, నన్నే చూస్తోంది. నేను గ్లాసులోకి చూస్తూ "అవునే" అన్నాను.

చిన్నమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ దవాఖానలో మందుల కోసం లైనులో నిలబడి ఉంది. అన్నది నేను. ఇది సమ్మక్క చదువుతుందో లేదో తెలియదు. చదివి మా ఇంటికి వస్తే తలుపు తీస్తాను, ఏమన్నా పడతాను. చిన్నమ్మను క్షమించమని అడగడానికి మాత్రం ఆవిడ ఇక లేదు. ఇంతకాలానికి ఇది కాగితం మీద పెట్టాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆ కానిస్టేబుల్‌కు ఇవ్వవలసిన జవాబు కూడా రాసేస్తాను.

ఉంటది సార్. ఈ ఇంట్లనే ఉంటది. నాట్లకు పోయింది, శుక్రవారం వస్తది.