బుధవారం ఉపవాసం

అంతోనయ్య తాగుడు మానేసిన సంగతి అశ్వారావుపేట చుట్టుపక్కల అందరికీ తెలుసు. పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలే ట్రాక్టర్ డ్రైవర్లలో సాయంత్రం నేరుగా ఇంటికి చేరేది ఆయనొక్కడే. ఒకప్పుడు విసిగి పుట్టింటికి పోయిన భార్య మరియ, "మళ్ళీ తాగొస్తే తలుపు తియ్య" అని చెప్పి మరీ తిరిగొచ్చింది. ఏడేళ్లుగా ఆ తలుపు మూసే పని పడలేదు. తర్వాత షుగరు, బీపీ పట్టుకున్నాయి. క్రిస్మస్ అయ్యాక డాక్టర్ నాగలత షుగరు మాత్రల డోసు పెంచి, ఒక్కరోజు కూడా మానొద్దంది. ఆయన మానలేదు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

ఈస్టరుకు ముందు తపస్సుకాలంలో శుక్రవారాలు ఆయన పచ్చి మంచినీళ్లతో ఉపవాసం ఉంటాడు. ఈసారి మొదటి శుక్రవారం మధ్యాహ్నం తూలుతూ ఇంటికొచ్చాడు. మాట ముద్దముద్దగా ఉంది. మా వీధికి ఇంతకంటే పండగేముంది? ఎదురింట్లో ఉన్నాను కాబట్టి ఆ వెకిలి నవ్వులన్నీ విన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మరియ తలుపు వేసేసుకుంది, ఆయన అరుగు మీదే పడున్నాడు. పొద్దుగూకాక మనసాగక గంజి తెచ్చి పెట్టింది. అది తాగిన కాసేపటికి మామూలు మనిషయ్యాడు.

"నేను తాగలే మరియా."

"మరి గట్లెందుకు తూలినవ్?"

మధ్యాహ్నం ఏం జరిగిందో ఆయనకే గుర్తు లేదు. రెండో శుక్రవారం కూడా అచ్చం అంతే జరిగింది.

ఆ తర్వాతి బుధవారం, ట్రాక్టర్ రోడ్డు మీదే వదిలేసి వచ్చి గుమ్మం ముందు పడిపోయాడు. మరియ తలుపు తియ్యలేదు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. చూస్తుండగానే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నేను తలుపు బాదిన బాదుడుకు మరియ బయటికొచ్చి, చూసి, ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. ఆటోలో వేసుకుని నాగలత దవాఖానాకు పరుగెత్తాం.

వేలు గుచ్చి చూసిన డాక్టరమ్మ మొహం పాలిపోయింది. షుగరు ముప్పై రెండు. గబగబా నరంలోకి గ్లూకోజు ఎక్కించి, గుండెకు ఈసీజీ తీసింది.

"ఆయన తాగలేదమ్మా. కడుపులో తిండి లేకుండా మాత్ర పడితే షుగర్ ఇట్లా పడిపోతుంది. అసలే బీపీ ఉన్న మనిషి, గుండె కూడా ఆగిపోయేది. ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా?"

"అయింది మేడమ్. రెండు శుక్రవారాలు, ఉపవాసమున్ననాడే. తాగిండని అరుగు మీదనే పండనిచ్చిన."

"నోట్లో వాసన వచ్చిందా?"

మరియ మొగుడి మొహం వైపు చూసింది. "రాలే. మూతి దగ్గర మొహం పెట్టి మరీ చూసిన. సోంపు నమిలిండనుకున్న."

ఆమె ముక్కు నిజమే చెప్పింది. ఆమే నమ్మలేదు. ఉపవాసాలుంటారా అని తానూ ఏనాడూ అడగలేదని డాక్టరమ్మ తలదించుకుని అంది.

అంతలో అంతోనయ్య కళ్లు తెరిచాడు. అందరినీ చూశాడు, చివరికి భార్యను చూశాడు. భయపడ్డాడు.

"మళ్ళీ తాగిన్నా?"

"లేదయ్యా," అంది మరియ ఏడుస్తూ. "నువ్వు తాగలే. ఒక్కనాడు గూడ తాగలే."

ఆయనకు అర్థమైనట్టు లేదు. "మరి అందరూ తాగినవంటే నిజమే అనుకున్న. మొన్న ఆదివారం ఫాదర్ దగ్గర ఒప్పుకున్న గూడ."

"ఏమని?"

"తాగిన, పాపం చేసిన అని. ప్రాయశ్చిత్తం చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"బుధవారం గూడ ఉపవాసం ఉండుమన్నడు. పొద్దున మాత్ర ఏస్కొని, ఉన్న."