బూడిద కలిపిన జొన్నలు

పోయిన ఆదివారం మా అన్న కొడుకు ఇంటికి వచ్చి, తనకు సేవకు పిలుపు వచ్చిందనీ, బైబిలు బడిలో చేరబోతున్నాననీ చెప్పాడు. సాగనంపే ప్రార్థనలో ఇంటి పెద్దగా నేను రెండు మాటలు చెప్పాలట. "పిలుపంటే ఏందో మా నాయన బతుకులోంచి చెప్పు చిన్నాయనా" అన్నాడు. నాకు ప్రసంగాలు రావు. మైదుకూరు ధాన్యం అంగట్లో కాటా పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను. ఏ సంగతైనా కూడికలోనో తీసివేతలోనో పెడితే తప్ప నా తలకెక్కదు. అందుకని వాడు వెళ్లాక అరుగు మీద కూర్చుని, పిలుపు వల్ల మా అన్న పోగొట్టుకున్నవన్నీ లెక్కవేశాను. బోర్డు బడిలో పంతులు ఉద్యోగం. దానితో రావలసిన పింఛను. బైబిలు చదువు కోసం అమ్మిన రెండెకరాల మెట్ట. వదిన చెవుల కమ్మలు. మిషన్ పుస్తకంలో పేరు. మిషన్ వాళ్లిచ్చిన నల్ల గొడుగు. అది చిన్న వస్తువే, కానీ అన్న ఉద్యోగం కంటే దాన్నే ఎక్కువ తలుచుకునేవాడు గనుక వదలకుండా వేశాను. చివరగా, ఒక వానకాలమంతా వదిన ఆయనతో మాట్లాడని మాటలు. వాటికి కొలత లేదు గనుక ఒకటిగానే వేసుకున్నాను.

యాభైల మొదట్లో, అన్నకు పిలుపు వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. సంత నుంచి ఇద్దరం నడిచి వస్తున్నాం. నా నెత్తిన మిరపకాయల మూట. వంక దాటగానే ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. "యాల నిలబడితివన్నా?" అన్నాను. "పిలిచినారు రా" అన్నాడు. "ఎవరు, బండోళ్లా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకు వినపడిందల్లా తుమ్మచెట్ల మీద పిట్టల గోల. ఇంటికి చేరేసరికి ఉద్యోగం మానేస్తానని తీర్మానించుకున్నాడు. రెండేళ్లు చదివి, మా గేరికే, అంటే ఊరి బయటి మా పేటకే, వాక్యం చెప్పే ఉపదేశిగా తిరిగి వచ్చాడు. అప్పటికి మిషన్ దొరలు ఒక్కొక్కరే ఓడలెక్కుతున్నారు. మిషన్ సగం జీతమే ఇస్తుంది, మిగతా సగం సంఘమే చూసుకోవాలి అన్నారు. సంఘమంటే మా గేరిలో కూలికి పోయేవాళ్లు, చెక్కా ముక్కా కౌలుకు చేసుకునేవాళ్లు.

ఆ మిగతా సగం గుప్పెడు కుండలో నుంచి వచ్చేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటామె జొన్నల్లో ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి వచ్చేవి. ఆడవాళ్ల చేతులు రకరకాలు గనుక గుప్పెళ్లూ రకరకాలే. మా మేనత్త చేయి పెద్దది, మనసు చిన్నది. వేళ్లు సగం ముడిచి తీస్తుందని గేరంతా అనేవాళ్లు. ఏమైనా అన్న, వదిన, నలుగురు పిల్లలు ఆ గుప్పెళ్ల మీదే బతికారు.

తర్వాత వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. గుప్పెడు అరగుప్పెడు అయింది, అరగుప్పెడు చిటికెడు అయింది. జనం గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. ఎండాకాలంలో ఒక ఆదివారం అన్న ధైర్యం చెబుదామని, కరువులో ఉన్న కాస్త పిండితో ముందు ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన విధవరాలి కథ చెప్పాడు. ఆమె కుండలో పిండి తరగలేదు, దేవుడు మనల్నీ అట్లే చూస్తాడు అన్నాడు. బాగా చెప్పాడని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మరుసటి ఆదివారం కుండలు సగం పైగా నిండి వచ్చాయి. ఆ తర్వాతి వారమూ అంతే. దేవుడు జవాబిచ్చాడని అన్న పొంగిపోయాడు.

ఆ నెలాఖరున నేను మైదుకూరు నుంచి చూడటానికి వెళ్లాను. వదిన పెరట్లో జొన్నలు చెరుగుతోంది. చేట ఎగరేసినప్పుడల్లా సన్నని బూడిద లేస్తోంది. గింజల్లో ఎండిన వేపాకు ముక్కలు. మా వైపు పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచేది తినే జొన్నలు కావు.

"వదినా, ఇవి విత్తనాలు గదా" అన్నాను.

"చూస్తే తెలీదా నాకు?" చేట ఆపలేదు. "ఆయనకు చెప్తే తినడు. పిల్లోళ్లనూ తిననియ్యడు. నాలుగు వారాలుగా కడిగి వండుతాండా."

అన్న వాకిట్లోనే ఉన్నాడు, మా మాటలు విన్నాడు. నీళ్ల చెంబు గడప మీద పెట్టి, లోపలికి రాకుండా అట్లే వెళ్లిపోయాడు. నేను వెనకే పోయాను. గేరి చివర ఒక అవ్వ ఉండేది, తల్లీతండ్రీ లేని మనవరాలితో. నేరుగా ఆమె దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు.

"విత్తనాలు యాల ఇస్తివవ్వా?"

"నువ్వే గదయ్యా చెప్తివి. ఆ యమ్మ ముందు దైవజనునికి పెట్టె, కుండ తరగకపాయె అని."

"నేను అడగలేదవ్వా. ధైర్యం చెప్పినా, అంతే."

"నువ్వు యాడ అడుగుతావు, పిచ్చినాయనా. దేవుడు అడిగె. ఆయనకు వేరే నోరు యాడుండాది?" ఆ వెంటనే, "మా కుండ మాత్రం తరిగిపోయినాది. ఇంగ అది ఆయన పని" అంది, పక్కింటి సంగతి చెప్పినట్టు.

తిరిగి వస్తూ అన్న ఒక్క మాటే అన్నాడు: "నోరు తెరవడానికే పిలిచినాడనుకుంటి రా. తెరిచిన నోట్లోకి ఏం పోతాందో చూసుకోలేదు."

ఇంటింటికీ తిరిగి అడిగితే, పదకొండు ఇళ్లవాళ్లు కలిసి నలభై నాలుగు సేర్ల విత్తనం గుప్పెడు కుండల్లో పోశారని తేలింది. మర్నాడు ఇద్దరం ఊళ్లో పెద్దరెడ్డి దగ్గరికి పోయాం. ఆయన కడ్డీ మంచం మీద నుంచి లేవలేదు. "ఏం అయివోరా, మీ ప్రవక్తకు కాకులు రొట్టెలు మోసినాయని మొన్న రచ్చకాడ చెప్తివే. నా గాదె యాలప్పా?" అన్నాడు.

"కాకులు రాలేదు రెడ్డెప్పా. నేను వచ్చినా."

రెడ్డి ఒప్పుకున్నాడు. ఒకటికి ఒకటిన్నర, అన్నకు చేను లేదు గనుక ఏడాది జీతగాడిగా సేద్యం చేసి తీర్చాలి, ముందే ఇస్తే తినేస్తారు గనుక వాన పడ్డాకే కొలుస్తాడు. అరవై ఆరు సేర్లు అని నేను అక్కడే చెప్పాను. వదిన ఆ రోజు నుంచే మాట్లాడటం మానేసింది. విత్తనం ఎవరు ఇచ్చారో వాళ్లే ఊరుకున్నారు, ఈయనకేం పట్టింది అని ఆమె బాధ. అది న్యాయం కాదని ఇప్పటికీ అనలేను.

వాన పడింది. రెడ్డి మాట తప్పలేదు. అన్న ఎద్దుల వెనక నడుస్తున్నప్పుడు మిషన్ నుంచి ఒక పెద్దాయన పర్యవేక్షణకు వచ్చాడు. నాగలి మీద చేయి వేసి వెనక్కి చూసినవాడు సేవకు పనికిరాడని గట్టు మీద నుంచి వాక్యం చెప్పాడు. ఆ సమయానికి అన్న చేయి నిజంగానే నాగలి మీద ఉంది. "వెనక్కి చూసినా అయ్యా. నా వెనక పదకొండు కుండలు ఖాళీగుండాయి" అన్నాడు. పేరు కొట్టేశారు. గొడుగు కూడా అప్పగించమన్నారు. ఆ తర్వాత ఆయన గుడికి వచ్చినా వెనక వరసలో కూర్చునేవాడు. ప్రసంగం చేయమంటే తల ఊపేవాడు కాదు. రోగం వచ్చినా చావు వచ్చినా గేరివాళ్లు మాత్రం ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు, చేతులకు అంటిన మట్టి కడుక్కోనివ్వకుండా. పిలుపు ఆయన్ను వదిలేసిందో, అసలు పట్టుకున్నది అప్పుడేనో, నా లెక్కకు అందలేదు.

రెడ్డి బాకీ ఏడాదికి తీరింది. పది ఇళ్లు విత్తనం తీసుకున్నాయి. అవ్వ మాత్రం వానకు ముందే, తినడానికి లేక, మనవరాలిని వెంటబెట్టుకుని కాలువ పనుల మేస్త్రీతో వెళ్లిపోయింది. ఆమె చేసేది కౌలు చెక్క. దాన్ని ఆసామి ఇంకొకరికి ఇచ్చేశాడు. అన్న తీరిక దొరికినప్పుడల్లా కర్నూలు దాకా కాలువ గట్ల మీద వెతికాడు. జాడ దొరకలేదు. ఆమె వంతు విత్తనం బూడిద కలిపి దాచి, ఏటేటా కొత్త పంటతో మార్చేవాడు. ఆయన పోయాక వదిన మారుస్తోంది. ఒకటికి ఒకటిన్నర చొప్పున ఇన్నేళ్లకూ వడ్డీ కట్టి చూస్తే మైదుకూరు అంగట్లో ధాన్యమంతా చాలదని ఒకసారి అన్నతో అన్నాను. వడ్డీ రెడ్డి లెక్క, మనది కాదు అన్నాడు. కాలం అన్నిటినీ పెంచుతుందనో కరిగిస్తుందనో నమ్మి కాటా దగ్గర బతికినవాణ్ణి. ఈ ఒక్క అంకెను మాత్రం అది ముట్టలేదు. ఇంకా బాకీ, నాలుగు సేర్లు.