తొమ్మిది మందే, తమ్మీ

డ్రిల్లు సారు పోయాడని ఆయన చెల్లెలు దేవరుప్పుల నుంచి ఫోన్ చేసి చెప్పింది. "అన్న పోయిండు తమ్మీ. పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూసున్నడు. మళ్ల లేవలే." కాసేపు ఏడ్చి, మరో మాట కూడా అన్నది. "నీకు చెప్పాల్నా వద్దా అని శానసేపు అనుకున్న. గని అన్న ఉంటే చెప్పుమంటుండె."

చెప్పాలా వద్దా అని ఆమె ఎందుకు తటపటాయించిందో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నేనుండే జనగామ నుంచి దేవరుప్పులకు బస్సెక్కితే గంట కూడా పట్టదు. మూడేళ్లుగా నేను ఆ బస్సెక్కలేదు. ఆయన పోయాక ఎక్కాను.

మరుసటి రోజు పేపర్లన్నీ ముందేసుకున్నాను. జిల్లా పేజీలో ఎవరో నాయకుడి పుట్టినరోజు కేకు సగం పేజీ తిన్నది. గంగారం అడవిలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఆటలు నేర్పినవాడికి ఒక్క లైను లేదు. ఉద్యోగంలో చేరిన రోజు కాంట్రాక్టు మనిషి, దిగిపోయిన రోజూ కాంట్రాక్టు మనిషే. ఏటేటా కాగితం రాసిస్తేనే సారు, లేకుంటే ఎవరూ కాదు. దీన్ని వ్యవస్థ అంటారు మనవాళ్లు. నేను వేరే మాట అంటాను కానీ అచ్చు వేయరు.

మానుకోటలో మేమిద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్లం. మహబూబాబాదును మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఆయన వారమంతా గంగారంలో ఉండి, శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు. ఆదివారం పొద్దున నా తలుపు తట్టేవాడు. చేతిలో రెండు చాయ్ గ్లాసులు, చంకలో అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకం. లోపలికి రాకముందే ప్రశ్న.

"తమ్మీ, చెప్పుకో. ఒంటి చెయ్యితోని బంతి ఇసిరి పెద్ద లీగుల గెల్చినోడు ఒకడున్నడు. ఇసిరినంక బంతి పట్టాల్నంటే గ్లౌజెట్ల తొడుక్కుంటడు?"

నేను ఒక గ్లాసు అందుకునేవాణ్ని. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, కుడి చేతిని చొక్కాలోకి దాచి, ఎడమ చేత్తో లేని బంతిని విసిరి, కుడి మోచేతి కింద ఇరికించుకున్న తువ్వాలులోకి అదే చేతిని రెప్పపాటులో దూర్చి చూపించేవాడు. ఎదురింటి అవ్వ గుమ్మంలో నిలబడి, "గీ సారుకు ఏమన్న సోకిందా బిడ్డా?" అని నన్నడిగేది.

ఆయనకు తెలిసినవన్నీ బేస్‌బాల్ ఆటగాళ్ల ముచ్చట్లు, మంచు మీద బ్లేడు బూట్లతో జారుతూ ఆడే హాకీవాళ్ల ముచ్చట్లు. అమెరికా, కెనడా. క్రికెట్ ఒక్కటి లేదు. ఎందుకంటే జనగామ స్టేషన్ దగ్గర పాత పేపర్ల దుకాణంలో ఎప్పుడో ఆయనకు ఇంగ్లీషు ఆటల పుస్తకాల కట్ట ఒకటి దొరికింది. అందులో క్రికెట్ లేదని ఎవరూ ముట్టలేదట. తూకానికి కొనుక్కొచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకొని ఏళ్ల తరబడి చదివాడు. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. "ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతాయి కదా సారూ" అంటే నవ్వేవాడు.

"ఫోన్‌కు జవాబు ఎర్కనే తమ్మీ. ఎవలకు ఎప్పుడు చెప్పాల్నో ఎర్క లేదు."

ఈ మాటను నేను చాలాకాలం చమత్కారం అనుకున్నాను.

గంగారంలో ఆయన ఆడపిల్లలతో బేస్‌బాల్ జట్టు కట్టాడు. ఎక్కువమంది తండాల పిల్లలు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఆటలో సారు చెప్పిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు. బ్యాటు వడ్రంగి చెక్కిచ్చిన కర్ర. బంతిని కొట్టాక ఉరికి చుట్టి రావలసిన నాలుగు మూలల్లో ఇసుక నింపిన యూరియా సంచులు. బ్యాటు పట్టినవాళ్ల వెనుక కూర్చొని బంతి పట్టే పిల్ల భయంతో కళ్లు మూసుకుంటుంటే, తన మోటార్ సైకిల్ హెల్మెట్‌కు అద్దం పీకేసి ఆ పిల్ల తలకు పెట్టాడు. వంటావిడ చూసి, "హెల్మెట్ బాగనే ఉన్నది సారు, బండేది బిడ్డకు?" అని ఎగతాళి చేసింది. పిల్ల సిగ్గుతో హెల్మెట్ తీసి విసిరేసింది. సారు దాన్ని తెచ్చి దుమ్ము తుడుస్తూ చెప్పాడట. మంచు హాకీలో గోలు కాసేవాళ్లు ఒకప్పుడు మొఖానికి ఏమీ లేకుండానే నిలబడేవాళ్లు. ఒకడికి దెబ్బ తగిలి మొఖం పగిలింది. కుట్లు వేయించుకొని వచ్చి, ముసుగు పెట్టుకుంటేనే ఆడతానన్నాడు. పిరికివాడని నవ్వారు. "ఇయ్యాల ముసుగు లేకుంట ఎవడన్న నిలవడ్తడా? ముందుగాల పెట్టుకున్నోనికే నవ్వులు. నువ్వు పెట్టుకో." ఆ పిల్లకు హెల్మెట్ పిల్ల అనే పేరు ఉండిపోయింది.

ఆ జట్టు భూపాలపల్లిలో పోటీకి పోతే నేనూ వెంట వెళ్లాను. గనుల కాలనీ పక్కన గ్రౌండు. మన పిల్ల మొదటి బంతినే బలంగా కొట్టింది. కొట్టి ఉరికింది. ఉల్టా ఉరికింది. ముందు చేరాల్సిన మూలకు కాక ఆఖరుదానికి. తర్వాతి పిల్లా అంతే. పాత పుస్తకంలోని గ్రౌండు బొమ్మను సారు పల్చటి కాగితం మీద దించి, ఆ కాగితాన్ని తిరగేసి గోడకు అతికించాడు. బాణం గుర్తులన్నీ ఎదురు తిరిగాయి. ఏడాదంతా పిల్లలు అట్లాగే ఉరికారు.

జనం పడీ పడీ నవ్వారు. "ఓ పోరీ, ఇంటికి పోతున్నవా ఏంది? గిటు రా!" అని ఒకడు. "గంగారం బండికి రివర్స్ గేరే ఉన్నది రా బయ్!" అని ఇంకొకడు.

తిరుగు దారిలో వ్యాన్‌లో పిల్లలందరూ తలలు వంచుకున్నారు. సారు ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు.

"తప్పు నాది. బొమ్మ ఉల్టా అతికిచ్చిన. మీరు నేను చెప్పినట్లే ఉరికిండ్రు. గని ఒక ముచ్చట ఇనుండ్రి. అమెరికాల ఒకడుండె. రెండో మూల చేరినోడు, కావాల్నని ఎనుకకు తిరిగి మొదటి మూలకు ఉరికిండు. అందరు నోర్లు తెరిశిండ్రు. అట్ల ఉరుకొద్దని ఆఖరుకు రూలే రాయాల్సొచ్చింది. మీ కోసం గూడ రూలు రాస్తరేమో సూడుండ్రి."

వెనుక నుంచి హెల్మెట్ పిల్ల గొంతు. "మనకు రూల్ రాస్తరా సారు? మనకు కూరల పప్పే సరిగ ఎయ్యరు."

వ్యాను వ్యానంతా నవ్వింది. ఆ పిల్లల్లో ఎవరూ ఆట మానలేదు.

పిల్లలకు ఆయన చెప్పే ముచ్చట్లన్నీ ఓడినవాళ్లవి, తప్పు చేసినవాళ్లవి, నవ్వులపాలైనవాళ్లవి. ఏ పిల్ల ఏ తప్పు చేస్తే ఆ తప్పు చేసిన ఆటగాడు ఒకడు ఆయన దగ్గర సిద్ధంగా ఉండేవాడు. పక్క గదిలో అన్నేళ్లున్న నేను దాన్ని గమనించలేదు.

ఒక ఆదివారం ఆయన ముఖం దిగులుగా ఉంది. తర్వాతి ఏడు జట్టులో చేరిన నెల్లికుదురు దగ్గరి తండా పిల్ల, ఒకే ఒక్క మ్యాచు ఆడి, మిరపకాయలు ఏరడానికి తల్లిదండ్రుల వెంట ఖమ్మం వైపు పోయి తిరిగి రాలేదు. "ఆ దేశంల ఒక్క రోజు ఆడినోని పేరు గూడ పుస్తకంల ఉంటది తమ్మీ. బంతి ముట్టకున్నా ఉంటది," అన్నాడు. నేను ఊరుకోలేదు. ఆ దేశం తోటల్లో వలస కూలీలు ఎంతమంది చచ్చారో ఏ పుస్తకంలో ఉందని వాదన పెట్టుకున్నాను. ఆయన నా వాదన అంతా విన్నాడు.

"దేశం గొప్పదని నేనన్ననా? రాసినోడు గొప్పోడంటున్న. నువ్వు రాస్తవ్ గద. ఈ పిల్ల గురించి రాయి."

నేను రాయలేదు. ఆయన గురించి రాశాను.

అది ఇట్లా జరిగింది. కాంట్రాక్టు టీచర్లను పర్మినెంటు చేయాలని మానుకోటలో నేనొక సభ పెట్టాను. మైకు పెట్టినవాడితో కలిపి ఆరుగురు వచ్చారు. అందులో సారు ఒకడు. సభ అయ్యాక కుర్చీలు మడత పెడుతూ, "బేస్‌బాల్‌ల పదిసార్లల్ల మూడుసార్లు కొడితే వాణ్ని మొనగాడంటరు తమ్మీ. ఏడుసార్లు ఉత్తగనే పోతది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "బతుకులు బుగ్గిపాలైతుంటే నీకు తెల్లోళ్ల లెక్కలా సారూ?" అని అందరి ముందూ అరిచాను. ఆయన కుర్చీలన్నీ మడత పెట్టి వెళ్లాడు.

ఆ వారమే ఒక చిన్న పత్రికకు పెద్ద వ్యాసం రాశాను. ఎవరి ఆట ఎవరికి నేర్పుతున్నారు అని మొదలుపెట్టి, అడవిలో పదకొండు మంది బక్క పిల్లలను నిలబెట్టి అమెరికా బంతి విసిరించే ఒక డ్రిల్లు మాస్టారును ఏకి పారేశాను. పేరు రాయలేదు. రాయకపోతేనేం, మానుకోటలో తెలియనివాడెవడు? వ్యాసం బాగుందని నలుగురు మెచ్చుకున్నారు. అచ్చయిన కొద్దిరోజులకే నేను జనగామకు మారాను.

రెండు నెలల తర్వాత సారు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిడితే జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"మంచిగ రాసినవ్ తమ్మీ. భాష మస్తున్నది. ఒక్క తప్పు పోయింది. బేస్‌బాల్‌ల తొమ్మిది మందే. నువ్వు పదకొండు రాసినవ్."

"సరే సారూ, వచ్చే సంచికలో సవరణ వేయిస్తాను," అన్నాను. వేయించలేదు. అంత పెద్ద వ్యాసంలో ఇంత చిన్న తప్పు ఒప్పుకుంటే మిగతాది కూడా పలచబడుతుందని భయం. వాదించేవాళ్లకు ఉండే భయమే. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఆయన ఉద్యోగం వదిలి చెల్లెలి దగ్గరికి చేరాడని ఎవరో అంటే, వయసు మీద పడింది కదా అనుకున్నాను.

ఆయన పోయిన రోజు దేవరుప్పులలో ఆయన చెల్లెలి ఇంటి వాకిట్లో ఒక అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. భూపాలపల్లి దవాఖానలో నర్సు. "గుర్తుపట్టిండ్రా సార్? హెల్మెట్ పిల్లను," అన్నది. తర్వాత, చాలా నెమ్మదిగా, మిగతాది చెప్పింది.

"మీరు రాసినంక కొత్తగొచ్చిన ఆఫీసరు ఆ పత్రిక పట్టుకొనే బడికొచ్చిండంట సార్. చదువుకున్నోళ్లే గిట్ల రాస్తుండ్రు, గీ ఆటెందుకని బంద్ పెట్టిచ్చిండు. బ్యాట్లు స్టోర్ రూంల ఏసి తాళమేసిండ్రు. ఆటే లేనప్పుడు ఆట సారెందుకని ఆ ఏడు కాంట్రాక్టు గూడ రాయలే."

కాంట్రాక్టు మనుషుల కోసం గొంతు చించుకున్నవాణ్ని. నా కలంతో పోయిన కాంట్రాక్టు అదొక్కటే. ఆయన ఫోన్ చేసిన నాటికి ఇదంతా జరిగిపోయింది. అయినా తొమ్మిది మందే అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ ఇంటి మీదికి రావాల్ననే అనుకున్నం సార్, అందరం. సారే వద్దన్నడు. మమ్ముల కూసోవెట్టి ఒక ముచ్చట చెప్పిండు. ఒకడు బంతి ఇసురుతుంటే అవతలోళ్లల్ల ఒక్కడు గూడ మూల చేరలేదంట. ఇంకొక్కడు ఔటయితే సాలు, శానమందికి జన్మల దొరకని ఆట. ఆ ఆఖరోడు ఔటయిండు. గని అంపైరు కాలేదన్నడు. అంతా పాయె. ఆట అయినంక ఆ అంపైరు వీడియో సూస్కొని ఏడ్సిండంట, నాదే తప్పని. తెల్లారి ఆ బంతి ఇసిరినోడే పోయి, నవ్వుకుంట అంపైరు చేతిల జట్టు పేర్ల కాయితం పెట్టిండంట." కొంగుతో కళ్లు తుడుచుకున్నది. "ఆ తమ్మి మంచోడే, కండ్ల ముంగటిది కానరాలే, గంతే, అన్నడు సార్ మీ గురించి."

నా తప్పుకు కూడా ఆయన దగ్గర ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషిని మూడేళ్లుగా నా కోసం తీసి పెట్టాడు. అంపైరు తన తప్పును అదే రోజు ఒప్పుకున్నాడు. తెల్లారి ఎదురుగా నిలబడటానికి అతనికి ఒక మనిషి ఉన్నాడు.

సవరణ: తొమ్మిది మందే. పదకొండు అని రాసింది తప్పు. ఆ వ్యాసంలో తప్పు అదొక్కటే కాదు.

పోయిన వారం గంగారం వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. సెలవులు, బడి మూసి ఉంది. గ్రౌండులో గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. వెతగ్గా యూరియా సంచులు ఒకటొకటిగా దొరికాయి. ఎండకు పీలికలై, ఇసుక కారిపోయి, నాలుగూ నాలుగు మూలల్లోనే ఉన్నాయి. బ్యాటు పట్టి నిలబడే చోట నిలబడ్డాను. ఒక్కసారి చుట్టి రావాలనిపించింది.

ఎటు వైపు నుంచి మొదలు పెట్టాలో తెలియలేదు. భూపాలపల్లిలో నేనూ ఉన్నాను. కానీ ఆ రోజు నేను నవ్వే జనాన్ని చూస్తూ, వాళ్ల మీద ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. ఏది సరైన దారో, ఏది ఉల్టానో చూడలేదు. ఫోన్ జేబులోనే ఉంది. అడిగితే చెప్పేది. తీయలేదు.

కుడివైపు ఒక సంచి, ఎడమవైపు ఒక సంచి. గాలికి రెండింటి పీలికలూ ఒకేలా ఊగుతున్నాయి. నేను అక్కడే నిలబడి ఉన్నాను.