అన్నకు రావలసిన సీటు

మా పేట ఊరికి తూర్పున ఉండేది. పడమటి గాలి ముందు ఊరిని తాకి, తర్వాత మమ్మల్ని తాకేది. మా మీది గాలి ఊరివాళ్ళకు తగలకూడదని ఎవరో బాగా ఆలోచించే ఆ చోటు చూపించారు. నీళ్ళ విషయంలోనూ అంతే ఆలోచన. ఊర్లో చేదబావి ఉండేది, అది మాది కాదు. మాకు వంక పక్కన దిగుడుబావి. మెట్లు దిగి, పిక్కల దాకా నీళ్ళలో నిలబడి, పాచి పక్కకు తోసి కడవ ముంచుకోవాలి. పామిడి దగ్గర పెన్నలోనే ఇసుక తప్ప ఏమీ కనపడని ఎండాకాలాల్లో, ఆ బావిలో నీళ్ళుండటమే గొప్ప అనుకునేవాళ్ళం. నారిపురుగును మాకిచ్చేది ఆ నీళ్ళేనని అప్పుడు ఎవరికీ తెలియదు.

నారిపురుగంటే ఇప్పటివాళ్ళకు చెప్పాలి. మొదట కాలిమీద బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని లాగకూడదు. చీపురుపుల్లకు చుట్టి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ పోవాలి. మొత్తం రావడానికి వారాలు పడుతుంది. మధ్యలో తెగిందా, లోపల మిగిలిన ముక్క కాలంతా చీము పట్టిస్తుంది. పేటలో ఆ పని మా జేజిది, అంటే నాయన వాళ్ళమ్మది. పొద్దున్నే పిల్లల కాలు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు చల్లి, పుల్ల తిప్పేది. పురుగు బిగుసుకుందని వేలికి తెలియగానే ఆపేసి, పుల్లను పాతగుడ్డతో కాలికి కట్టేది. మహా కోపిష్టి మనిషి. ఆ పని దగ్గర మాత్రం ఎక్కడలేని ఓపిక వచ్చేది.

అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా పేట బడి అయిదో తరగతితో సరి. ఆ తర్వాత మగపిల్లలకు ఊర్లో రైతుల ఇళ్ళలో, గొడ్ల దగ్గర జీతం సిద్ధంగా ఉండేది. నాయన అట్లాగే మొదలై, ఒక పెద్ద రైతు దగ్గర సేద్యగాడిగా స్థిరపడ్డాడు. తను పట్టిన ముల్లుగర్ర కొడుకు పట్టకూడదని ఆయన పట్టుదల. అన్నకు చదువూ బాగా వచ్చేది. ఆ ఏడాది టౌన్లో మిషన్ వాళ్ళు మా వంటి పిల్లలకు హాస్టలు పెట్టారు. తిండి, బట్టలు, పుస్తకాలు, జబ్బు చేస్తే మందు, అన్నీ వాళ్ళవే. కాకపోతే ఇంటికి ఒక్కరికే సీటు. బడి అయ్యవారు అన్న పేరు పంపించి, మా ఇంటికొచ్చి చెప్పాడు: "సోమవారం జీపులో వస్తారు. కండ్లు, పండ్లు, ఒళ్ళు అన్నీ పరీక్ష చేసి పిల్లోల్ని తీసుకోని పోతారు."

ఆ మాటే మా కొంప ముంచింది. ఒళ్ళు పరీక్ష చేయడమంటే నాయనకు తెలిసింది ఎద్దుల సంత ఒక్కటే. పండ్లు పట్టి చూడటం, నడిపించి చూడటం, కుంటేదాన్ని వెనక్కి తోలడం రైతు వెంట పోయి ఎన్నోసార్లు చూశాడు. అన్న మోకాలి కింద అప్పటికే పుల్ల వేలాడుతోంది. పురుగు సగం కూడా రాలేదు.

"ఈ పుల్ల చూస్తే పిల్లోన్ని ఎవురు తీసుకుంటారు?" అన్నాడు నాయన.

"తీసుకోకపోతే మానె. తొందరపడితే కాలు పోతాది" అంది జేజి.

"కాలు కాలు అంటాండావు. సీటు పోతే మల్లొస్తాదా?"

ఆదివారం జేజి కట్టెలకు పోయింది. నాయన అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోట్లో బెల్లం ముక్క పెట్టి, పుల్ల పట్టుకున్నాడు. మెల్లగానే మొదలుపెట్టాడు. కొంచెం వచ్చింది. ఆశ పుట్టి ఇంకొంచెం లాగాడు. తెగిపోయింది. అన్న బెల్లం నమలడం ఆపేశాడు. జేజి తిరిగొచ్చి చూసి, కొడుకును తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, చివరికి ఏడ్చింది.

తెల్లవారేసరికి అన్న మోకాలు కుండంత వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. జీపు మాత్రం చెప్పినట్టే వచ్చింది. తెల్లచీర నర్సమ్మ దిగి అన్న పేరు పిలిచింది. నాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "వాడు ఊర్లో లేడమ్మా, వాళ్ళ మామ ఊరికి పోయినాడు" అన్నాడు. అన్న గుడిసె లోపలే ఉన్నాడు. మూలుగు బయటికి వినపడకుండా అమ్మ వాడి నోటికి కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. జబ్బు పిల్లవాడున్న ఇల్లని తెలిస్తే ఆ ఇంటికి సీటే ఇవ్వరని నాయన భయం.

"వాని బదులు ఈ పాపను తీసుకోండమ్మా. ఒంట్లో ఏమీ లేదు, చూసుకోండి" అని నన్ను ముందుకు తోశాడు.

నన్ను టౌనుకు పంపి చదివించాలన్న ఆలోచన అంతవరకు మా ఇంట్లో ఎవరికీ రాలేదు, నాక్కూడా. నర్సమ్మ నా కండ్లు చూసింది, నాలుక చూసింది. నేను జీపెక్కాను. భయమూ ఉంది, సంతోషమూ ఉంది. సంతోషమే ఎక్కువని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

మరునాడు పొద్దున హాస్టలు వరండాలో బెంచీ మీద కొందరు పిల్లలు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. అందరి కాళ్ళకూ పుల్లలే. నర్సమ్మ మందునీళ్ళతో కడిగి, మా జేజి తిప్పినట్టే ఒక్కొక్కటీ కాస్త తిప్పి, తెల్లగుడ్డ కట్టి, "ఊఁ, ఇక బడికి పొండి" అంది. వాళ్ళు కుంటుకుంటూ, పలకలు పట్టుకుని పోయారు. పరీక్ష చేసేది తిప్పి పంపడానికి కాదు, ఎవరికి ఏ మందు కావాలో తెలుసుకోవడానికి. ఆ సంగతి చెప్పాలని వాళ్ళకు తోచలేదు, అడగాలని మాకు తోచలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. నర్సమ్మ మీద, అయ్యవారి మీద, అందరికంటే ఎక్కువ నాయన మీద. ఆ రోజు అన్నం సయించలేదు.

ఏడుస్తూ నర్సమ్మకు ఉన్నదంతా చెప్పేశాను. ఆమె తల కొట్టుకుని, పిల్లవాణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని అయ్యవారి ద్వారా కబురు పెట్టింది. నాయన తీసుకురాలేదు. చెప్పిన అబద్ధానికి నన్ను కూడా వెనక్కి పంపేస్తారని భయపడ్డాడట. ఆకుపసర్లతోనే నెట్టుకొచ్చారు. అన్న బతికాడు. మోకాలు మాత్రం వంగిన చోటే బిగుసుకుపోయింది.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోయాను. అన్న అప్పటికే రైతు ఇంట్లో బర్రెలు మేపుతున్నాడు. వంక గట్టున నేనూ వాడి వెంట నడిచాను. చాలాసేపు హాస్టలు తిండి గురించి అడిగి, ఉన్నట్టుండి అన్నాడు:

"ఆడ నా మాదిరి పురుగు పడినోళ్ళు ఉండారా?"

"ఉండారు. నా పక్కన కూచునే పాపకే ఉండాది."

"పుల్లతోనే బడికి పోతాదా?"

"పోతాది."

వాడు దారి తప్పిన బర్రెను అదిలించి వచ్చాడు.

ఆ సాయంత్రం అందరం సంగటి ముందు కూర్చున్నాం. నాయన తినకుండా నన్నే చూస్తున్నాడు. చివరికి అడిగాడు: "ఏమ్మా, పురుగు పడిన పిల్లోల్ని ఆడ తీసుకుంటారా?"

నేను నోరు తెరిచేలోగా అన్న అందుకున్నాడు. "యాడ తీసుకుంటారు నాయనా. అట్లాంటోళ్ళను గేటు కాడ్నుంచే పంపించేస్తారంట. ఇది చెప్పింది."

నాయన నా వైపు తిరిగాడు. నేను అవునని తలూపాను.

"నేనప్పుడే అంటి గదా" అని నాయన సంగటి ముద్ద తుంచుకున్నాడు.