కడిగిన సముద్రం

మొన్న పొద్దున పేపర్లో చిన్న వార్త వచ్చింది. తీరం మీద, సముద్రం మీద విశ్వవిద్యాలయాలు జతగా పరిశోధన చేసుకోవడానికి సర్కారు డబ్బు ఇస్తుందట. పక్కింటి పంతులమ్మ చదివి వినిపించి, మన మంచిర్యాలకు సముద్రం ఎక్కడ కలుస్తుందక్కా అని నవ్వింది. నేను నవ్వలేదు. కలిసింది తల్లీ, ఒక్కసారి కలిసింది, గోదావరి అవతల ఒక రేకుల షెడ్డులో, నీళ్ల తొట్టి పక్కన. ఆమెకు చెప్పబోయి ఆగాను. మొదలుపెడితే చివరిదాకా చెప్పాలి, చివర నాకే బాగుండదు. కాగితమైతే మొహం చూడదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

డెబ్బైల నాటి మాట. అప్పుడూ ఇలాంటి పథకమే ఒకటి వచ్చింది. కోస్తాలోని యూనివర్సిటీ ఒక్కటే అడిగితే పైసా రాదు, లోపలి జిల్లాల యూనివర్సిటీ ఒకటి జత కట్టాలి, ఇద్దరూ చెరో చెయ్యి వెయ్యాలి. వాళ్లకు పడవుంది, వలతో చేపలే కాక గొట్టంతో సముద్రం అడుగు మట్టినీ తెచ్చే మనుషులున్నారు. లోపలి యూనివర్సిటీ వాళ్లం, మాకేముంది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా సారు తల పట్టుకుని కూర్చుంటే, పరిశోధనలో కొత్తగా చేరిన నేను నోరు జారాను: మా గోదావరిఖనిలో కోరు షెడ్డుంది సార్ అని. బొగ్గు ఎంత లోతున ఉందో చూడటానికి గొట్టం దించి భూమిని తొలుస్తారు. ఆ గొట్టంలో పైకి వచ్చే పొడుగాటి రాతి కడ్డీనే కోరు అంటారు. దాన్ని ఏ లోతుది ఆ లోతు వరసన చెక్క పెట్టెల్లో పేర్చి ఆఫీసర్లకు చూపించాలి. ఇరవై ఏళ్లుగా ఆ పేర్చే పని మా బాపుది. సముద్రం మట్టి కూడా గొట్టాల్లోనే వస్తుంది కదా, కోసేదీ కొలిచేదీ అక్కడే పెట్టుకుందామన్నారు సారు. అలా మాకూ ఒక చెయ్యి మొలిచింది.

మొదటి ఏడాది డబ్బు అయిపోయింది. ఢిల్లీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి షెడ్డు చూసి, పని నచ్చితే ఇంకో మూడేళ్లకు రాస్తారు, నచ్చకపోతే అక్కడితో సరి. సరి అంటే నా జీతం సరి, నా చదువు సరి, పడవెక్కి సముద్రం చూడాలన్న ఆశ కూడా సరి. కోస్తా నుంచి ఆరు గొట్టాలు తడి గోనెసంచుల్లో చుట్టి, రైల్లో పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని రామగుండంలో దిగాను. ఒక్కోటి నాలుగడుగులు. తెల్లారి షెడ్డు తెరవగానే వాటిని నిలువునా కోయించి, బల్లల మీద విప్పి పెట్టాం. నల్ల బురద, బూడిదరంగు బురద, మధ్యలో సన్నటి తెల్ల చార. ఆ పొరల్లోనే మా ఏడాది పనంతా ఉంది. పెద్దమనుషులు పదకొండింటికి వస్తారు. బాపును కాపలా ఉండమని చెప్పి, గంజి పెట్టిన చీర కట్టుకోవడానికి ఇంటికి పోయాను. అంత పొద్దున ఆ చీర యావ ఎందుకో నాకు!

బాపుకు అప్పటికే ఊరంతా చెప్పడం అయిపోయింది. ఆదివారం చర్చి బయట నిలబడి, నా బిడ్డ సముద్రం అడుగు తెస్తున్నదని పాస్టరు గారితో సహా అందరికీ చెప్పాడట. అలాంటి మనిషి కడగని కోరు ఢిల్లీవాళ్లకు చూపిస్తాడా? రాతి కోరు బురద పూసుకునే పైకి వస్తుంది. కడిగితేనే చారలు తేలతాయి. కడగకుండా చూపిస్తే ఆఫీసర్లు మొహం మీదే కసిరేవాళ్లు. ముట్టుకోవద్దని నేను చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు.

తొమ్మిదిన్నరకు వచ్చేసరికి బాపు తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూడు గొట్టాలు అద్దంలా మెరుస్తున్నాయి, ఖాళీగా. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నన్ను చూసి పాపం దిగులుగా అన్నాడు:

"ఎంత కడిగినా రాయి తగుల్తలేదు బిడ్డా."

 ఆ తర్వాత నేనన్న మాట పక్కనున్న ఆరుగురు కార్మికులూ విన్నారు. "నీకేం తెలుసని ముట్టినవ్ బాపు? నా బతుకు కడిగి మోరీల పోసినవ్ గద!"  ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని, గోడ పక్కకు పోయి నిలబడ్డాడు. మా సారు వచ్చి చూసి తెల్లబోయారు. ఆయన మంచివాడే, కానీ భయస్థుడు. రైలు కుదుపులకు మూడు గొట్టాలు చెడిపోయాయని చెబుదాం, నువ్వు నోరు మెదపకు అని మెల్లగా అన్నారు. తలూపాను. మేలుకొని కన్న కల నిజమవుతుందంటే ఆ క్షణాన నేను ఏ అబద్ధానికైనా తలూపేదాన్ని.

జీపు వచ్చింది. ముగ్గురిలో పెద్దాయన ఖాళీ గొట్టాల ముందు ఆగి, ఇవేమిటని అడిగాడు. సారు రైలు అని మొదలుపెట్టారో లేదో, గోడ పక్క నుంచి బాపు ముందుకొచ్చాడు.

"రైలుది తప్పు లేదు సార్. నేనే కడిగిన. బిడ్డకు ఎర్కలేదు."

 సారు మొహం ఎర్రబడింది. పెద్దాయన ఇంగ్లీషు ఆపి, వచ్చీరాని తెలుగులో, కడిగిన నీళ్లేవని అడిగాడు. బాపు బల్ల కింద చూపించాడు. పన్నెండు పాలపొడి డబ్బాలు వరసన ఉన్నాయి. ఒక్కో డబ్బా మీద ఎర్ర రంగుతో ఏ గొట్టమో, ఎన్నో అడుగో అంకెల్లో రాసి ఉంది. బురద అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి. కోపంలో నేను వాటివైపు చూడనే లేదు. ఎందుకు దాచావని పెద్దాయన అడిగాడు.

"కోరు ఇరిగిందనుకోండ్రి, కడిగిన నీళ్లు పారబొయ్యద్దు సార్. ఏ అడుగుది ఆ అడుగు కాడనే ఉండాలె. గది కలిస్తే రేపు బొగ్గు బాయిల మనిషి ఏం జూసి దిగుతడు?"

పెద్దాయన వంగి ఒక డబ్బాలోంచి చిటికెడు మట్టి తీసి, అరచేతిలో పరిచి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఆవగింజంత గవ్వలు. సన్నటి పొరలైతే పోయాయి, అవి మళ్లీ రావు. కానీ ఏ అడుగులో ఏ గవ్వ ఉందో చెప్పడానికి ఆ డబ్బాలు చాలు. ఆయన మిగిలిన మూడు గొట్టాలు చూసి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నెలన్నర నాకు అన్నం సహించలేదు. చివరికి ఉత్తరం వచ్చింది: మూడేళ్లకు కాదు, ఒక్క ఏడాదికే. ఏదైతేనేం, బతికిపోయాను. పడవెక్కాను, వాంతులు చేసుకుంటూ సముద్రం చూశాను, ఆ ఏడాదిని సాగదీసి సాగదీసి సిద్ధాంత గ్రంథం పూర్తి చేశాను.

అట్ట కట్టించిన పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు బాపు సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మొదట్లో ఒక పేజీ నిండా కృతజ్ఞతలు రాశాను. మా సారుకు, కోస్తా ఆచార్యులకు, పడవ నడిపినాయనకు, గెస్ట్ హౌసులో చాయ్ పోసినాయనకు కూడా. బాపు పేరు లేదు. కడిగిన సంగతి నలుగురికీ తెలుస్తుందని నాకు సిగ్గు. ఆయనకు అక్షరాలు రావు. పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, "గిండ్ల నాది ఏడున్నది బిడ్డా?" అని అడిగాడు.  వెనక అంకెల పట్టిక ఒకటి తీసి, డబ్బాల లెక్కంతా ఇదే బాపు, ఇదంతా నీదే అన్నాను. అంకెలు వచ్చు ఆయనకు. వేలు పెట్టి సున్నా, ఒకటి, రెండు అని చదువుకుంటూ కిందిదాకా పోయి, తృప్తిగా తలూపాడు. నా మాట నమ్మాడు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఒక్క పేరు రాయడానికి ఆ రోజు నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నా దగ్గర లేకపోలేదు, ఇవ్వలేదు అంతే. ఇప్పుడు ఎన్ని ఏళ్లు చేతిలో పెట్టుకుని పిలిచినా అది తిరిగి రాదు.