కుళ్లాయప్ప కట్టిన చాసీ

కుళ్లాయప్ప చేతులు గ్రైండరు పట్టుకుని జీపు వెనక బోల్టు తలను కోస్తున్నాయి. తల రాలి పడింది, రేకు కాస్త వదులైంది. ఇంకా పదకొండు బోల్టులున్నాయి. అవి కూడా తెగితే జీపు ఒళ్ళంతా పైకి లేచి వస్తుంది, కింద చాసీ ఒక్కటే మిగులుతుంది. దాని మీద అతను తన బండి కట్టాలి. ముక్కు పొడుగ్గా, వీపు పొట్టిగా, ఇంజను బయటికి కనబడేటట్టు, ఇద్దరే కూర్చునే బండి. రోడ్డు మీద తిప్పడానికి కాగితాలు రావని తెలుసు. పొలాల దారుల్లో తిరిగినా చాలు.

యాభై నాలుగేళ్ళకు ఇది అతని మొదటి సొంత బండి. సోమందేపల్లె హైవే పక్క షెడ్డులో ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు ట్రాలీలు, ఇనుప గేట్లు, బోరు పైపుల అతుకులు చేశాడు. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి, విప్పి, మళ్ళీ చేసి నేర్చుకున్నాడు. చేసినవన్నీ ఎవరో చెప్పిన కొలతలకు చేసినవే.

ఇప్పుడు ఆగలేకపోవడానికి కారణం కళ్ళు. నల్లద్దం పెట్టుకోకుండా వేసిన చిన్న చిన్న వెల్డింగు టాకాల మెరుపులన్నీ చేరి కంటి నడుమ మచ్చగా మిగిలాయి. ఆపరేషనుకు లొంగదని, వెల్డింగు ఈరోజే మానాలని డాక్టరు చెప్పాడు. మానకపోతే చూపు ఎన్నాళ్ళు వస్తుందని అడిగితే, మానమనే మళ్ళీ చెప్పాడు. కుళ్లాయప్ప తనే లెక్క వేసుకున్నాడు. మంచి చాసీ దొరికితే ఒళ్ళు కట్టడానికి ఒక ఎండాకాలం చాలు. అంతవరకు చూపు నిలుస్తుంది.

ఇంజను పని జోయల్‌ది. పెనుకొండలో మెకానిక్కు, కుళ్లాయప్పకు పాత స్నేహితుడు. ఇద్దరూ కలిసే చాసీ వెతికారు. పాత సామాన్ల అంగట్లో ఒక ముసలి కారు ముందు జోయల్ నిలబడిపోయాడు.

"నడుము చూడన్నా, ఎంత సోకుగా ఉండాదో. దీన్నే కోద్దాం."

"కారుకు ఒళ్ళే ఎముకప్పా. కోస్తే యాడికాడ కూలబడుతుంది. జీపుకు ఎముక వేరే, ఒళ్ళు వేరే. మనకు జీపే కావాల."

గుత్తిలో చూసిన జీపు ఎప్పుడో బోల్తా పడింది. మూల నుంచి మూలకు దారం పట్టి చూస్తే రెండు వేళ్ళ తేడా వచ్చింది. మూడోది రైతు శ్రీరంగప్ప పొలంలో రేకుల కింద పదహారేళ్ళుగా పడి ఉంది. రంగు పోయింది, టైర్లు ఎండకు పగిలాయి. ఇనుము మాత్రం గోటితో గీరినా పొడి రాలలేదు. దారం రెండు వైపులా సరిపోయింది.

"ఈ ఎండు గాలికి తుప్పు యాడిదన్నా," అన్నాడు జోయల్.

కుళ్లాయప్పకూ అదే నమ్మకం. ఎక్కడి ఇనుమైనా సుత్తితో పొడుగునా తట్టి, మోత విని గాని కొనేవాడు కాదు. ఇక్కడ తట్టలేదు.

"తీసుకపోండప్పా," అన్నాడు శ్రీరంగప్ప. "అది నా కండ్ల ముందర లేకుంటే చాలు."

షెడ్డులో పన్నెండో బోల్టు తెగాక ఇద్దరూ ఒళ్ళు లేపి పక్కన పెట్టారు. చాసీ ఎడమవైపు పొడుగు పట్టీ మీదున్న కొక్కెం ఊడగొట్టడానికి కుళ్లాయప్ప సుత్తి వేశాడు. సుత్తి లోపలికి దిగబడింది. తీస్తే, ఆ బొక్కలోంచి తుప్పు పొడి ఎర్రగా ధారకట్టింది.

"ఎర్రమట్టి ఫ్రీగా ఇచ్చినాడన్నా శ్రీరంగప్ప," అని నవ్వబోయి, కుళ్లాయప్ప మొహం చూసి జోయల్ ఆగిపోయాడు.

ఆ పట్టీకి ఒక వైపు తెరిచి ఉండాలి. ఎవరో అడ్డంగా రేకు వేసి డబ్బాలా మూసేశారు. కుళ్లాయప్ప వెల్డింగు గీతను గుడ్డతో తుడిచి, తల పక్కకు తిప్పి దగ్గరగా చూశాడు. ప్రతి జానెడుకూ గీత ఆగి, చిన్న కొక్కెంలా వెనక్కు తిరిగి, మళ్ళీ సాగింది. అట్లా ఆపేది తను ఒక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. వానల్లేని ఆ ఏడు శ్రీరంగప్ప చీనీపండ్ల తోటకు ఈ జీపులోనే డ్రమ్ములతో నీళ్ళు తోలారు. బరువుకు పట్టీలు వంగుతుంటే తనే ఈ షెడ్డులో రేకు వేసి, సూది దూరే సందు లేకుండా మూసి, పని చూసుకుని మురిసిపోయాడు. డ్రమ్ముల్లోంచి తొణికిన నీళ్ళు పై బోల్టు బెజ్జాల గుండా లోపలికి దిగాయి. బయటికి దారి లేదు. కింద వేలెడంత బెజ్జం పెట్టి ఉంటే సరిపోయేది. చుక్క నీళ్ళకు మైళ్ళు తిరుగుతున్న రోజుల్లో, నీళ్ళు పోవడానికి బెజ్జం పెట్టాలని ఎవరికి తోస్తుంది?

"ఆ చెట్లన్నా బతికినాయా?" అన్నాడు జోయల్.

"యాడ? మూడో ఏడు కొట్టి కట్టెలకు తోలినారు."

జోయల్ ఆ బొక్కను అరచేత్తో మూసి, "పైన రేకు అతుకు కొడదామన్నా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది. నీ ఇంజను ఊపుకు రెండు తునకలయితే, లోపల కూచున్నోళ్ళకూ తెలుస్తుంది."

ఒక వైపు తెరిచి ఉండే కొత్త చానల్ ఇనుము తెచ్చి చాసీనే మొదటి నుంచి కట్టాలని తేల్చుకున్నాడు. అతని భార్య మారెక్క అన్నం గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఉన్న చూపంతా దీనికే పోస్తే ఒళ్ళు ఎవరు కడతారప్పా?"

"ఎముక గట్టిగా లేకుంటే ఒళ్ళు కట్టి ఏం లాభం."

"నాకు చెప్తాండావా, నీకు నువ్వు చెప్పుకుంటాండావా?"

అతను గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

వెల్డింగు మొదలుపెట్టకముందే పట్టీల అడుగున బెజ్జాలు వేశాడు. ఐదో వారానికి చూపు నడుమ నల్లటి బిళ్ళ నిలిచిపోయింది. కరిగే ఇనుమును నేరుగా చూస్తే ఏమీ లేదు. తల పక్కకు తిప్పితే కంటి చివర కొంచెం కనబడేది. తర్వాత అదీ తగ్గి, చెవిని నమ్ముకున్నాడు. కాగిన నూనెలో బజ్జీ వేగుతున్నట్టు మోత ఒకే తీరుగా ఉంటే అతుకు బాగా పడుతున్నట్టు. చల్లారాక బొటనవేలితో తడిమి, నచ్చనిది కోసి మళ్ళీ వేసేవాడు. చివరి అడ్డపట్టీని మూడుసార్లు విప్పాడు. ఎండాకాలం అయిపోయింది. ఒక్క మబ్బూ నిలవలేదు. ఒళ్ళు కోసం తెచ్చిన రేకులు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

ఆఖరున మూల నుంచి మూలకు టేపు పట్టారు. అంకెలు మారెక్క చదివింది.

"రెండూ ఒకటే."

"సరిగ్గా చూడు."

"ఒకటే అంటాండా కదా. నీకంటే నాకు బాగానే అవపడుతుంది."

అన్నాక ఆమె టేపు చుట్టుకుంటూ అటు తిరిగింది.

మర్నాడు పొద్దున జోయల్ ట్రాక్టరుకు ట్రాలీ తగిలించుకుని, ముగ్గురు మనుషులతో వచ్చాడు.

"ముక్కు ఎంత పొడుగు పెట్టాల చెప్పన్నా. ఒళ్ళు ఎవరితోనన్నా చేయిస్తా."

కుళ్లాయప్ప రెండు చేతులూ గాలిలో చాచాడు. అంత దూరాన ఉన్న తన వేళ్ళే అతని చూపుకు ఆనలేదు. చేతులు దించేశాడు.

"నీకు తోచినట్టు పెట్టుకో. నీ బండి."

"మన బండన్నా."

"అడ్డపట్టీల దగ్గర పట్టొద్దండి. మూలల దగ్గర పట్టండి," అన్నాడు కుళ్లాయప్ప ఆ మనుషులతో.

వాళ్ళు ఎత్తారు. అతనూ ఒక మూల పట్టుకుని ట్రాలీ దాకా నడిచాడు. చాసీ చెక్కల మీదికి దిగింది. నాలుగు మూలలూ ఆనినాయా అని అడిగాడు. ఆనినాయన్నారు. చెయ్యి తీసేశాడు.